సర్వేలో ఎర్ర గుర్తులు, బ్యాంకు తగ్గించిన విలువ: ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నవాళ్ళకు

నేను సర్వేయర్‌ని కాను. కాకినాడలో సివిల్ చదివి, ఇప్పుడు రెడింగ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కొలతలూ ఖర్చులూ చూసే ఉద్యోగం చేస్తున్నాను. అందుకని ఇల్లు కొంటున్న మనవాళ్ళు సర్వే రిపోర్టు రాగానే పీడీఎఫ్ నాకు పంపేసి, కింద ఒక ఏడుపు బొమ్మ పెడతారు. మొన్నామధ్య స్లౌ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, నాలుగు ఎర్రవి వచ్చాయి, వదిలేయమంటావా?" అన్నాడు. ఎన్ని పేజీలు చదివావురా అంటే, రంగుల పట్టిక దగ్గరే ఆగిపోయానన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం. ఆఫర్ ఒప్పుకున్నాక కూడా ఇక్కడ ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఇద్దరూ సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు మార్చుకునేదాకా, అంటే ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, అమ్మేవాళ్ళూ మానుకోవచ్చు, మనమూ మానుకోవచ్చు. ఎక్స్‌ఛేంజ్ అయ్యాక మానుకుంటే మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ పోతుంది. కాబట్టి సర్వే గురించి అడగాల్సినవి, బేరమాడాల్సినవి అన్నీ ఎక్స్‌ఛేంజ్ లోపే. ఇల్లు చేతికొచ్చాక కప్పు కారుతోందని అమ్మినవాళ్ళ మీద పడితే లాభం లేదు. ఇక్కడి చట్టం ప్రకారం చూసుకుని కొనుక్కోవాల్సింది మనమే. అమ్మేవాళ్ళు ఇంటి వివరాల ఫారంలో అబద్ధం రాసిచ్చారని నిరూపించగలిగితే అది వేరే సంగతి.

వాల్యుయేషన్ ఎవరిది, సర్వే ఎవరిది

"బ్యాంకువాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, ఇంక సర్వే ఎందుకు?" అని ఇప్పటికీ అడుగుతారు. బ్యాంకు పంపే వాల్యూయర్ చూసేది ఒక్కటే: మీరు వాయిదాలు కట్టడం ఆపేస్తే, ఈ ఇల్లు అమ్మి బ్యాంకు అప్పు రాబట్టుకోగలదా? దానికి ఆయన ఇంట్లో కాసేపు తిరిగితే చాలు. చాలాసార్లు ఇంటికే రారు. చుట్టుపక్కల అమ్మకాలు చూసి ఆఫీసులో కూర్చునే తేలుస్తారు, లేదా కంప్యూటర్ లెక్క కట్టేస్తుంది. ఆ రిపోర్టు కొన్ని బ్యాంకులు మనకు చూపించవు కూడా. మీ బాయిలర్ పనిచేస్తుందా, కప్పు ఇంకెన్నాళ్ళు ఆగుతుంది అనేవి ఆయన పని కాదు.

సర్వే మనం డబ్బు కట్టి, మన కోసం చేయించుకునేది. ఆర్ఐసీఎస్ అనే సర్వేయర్ల వృత్తి సంస్థలో సభ్యులైనవాళ్ళు మూడు స్థాయిల్లో చేస్తారు. లెవెల్ 1 మరీ పైపైన, దాని జోలికి పోనక్కర్లేదు. మామూలు ఇటుక గోడలు, పెంకుల కప్పు, పెద్దగా మార్పులు చేయని ఇల్లయితే లెవెల్ 2 సరిపోతుంది. వందేళ్ళు దాటిందో, వెనక్కీ పైకీ ఎక్స్‌టెన్షన్లు కట్టిందో, మీరు కొన్నాక గోడలు కొట్టించే ఉద్దేశం ఉందో అయితే లెవెల్ 3 చేయించండి. తేడా కొన్ని వందల పౌండ్లు. కిచెన్‌కి ఎంచుకునే గ్రానైట్ మీద దానికి రెట్టింపు తేడా పెడతాం, ఇక్కడ మాత్రం పిసినారితనం చూపిస్తాం.

బ్యాంకు వాల్యుయేషన్ వచ్చాకే సర్వేకి డబ్బు కట్టమంటాను. కొన్ని ఇళ్ళకు బ్యాంకు "దీని మీద అప్పివ్వం" అని సున్నా విలువ వేస్తుంది. లాఫ్ట్‌లో, అంటే కప్పు కింది అటకలో, కప్పు లోపలివైపు స్ప్రే ఫోమ్ కొట్టించి ఉన్నా, కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) కట్టించిన పాత ఇళ్ళల్లో కొన్నిటిలా కాంక్రీటు పలకలతో కట్టింది అయినా, ఫ్లాట్ అయితే లీజు మరీ తక్కువ ఏళ్ళు మిగిలినా ఇలా జరగొచ్చు. ముందే సర్వే చేయించేసి ఉంటే ఆ ఫీజు గాల్లో కలిసినట్టే. ఏజెంటు తొందరపెడతాడు, వారం పది రోజులు ఓపిక పట్టండి.

స్కాట్లండ్‌లో పద్ధతి వేరు. అక్కడ 2008 డిసెంబర్ నుంచి అమ్మేవాళ్ళే విలువతో సహా హోమ్ రిపోర్టు ఇవ్వాలి. ఎడిన్‌బరోలో ఆ విలువకు పైన ఎంత పాడినా ఆ పైమొత్తం మన జేబులోంచే, బ్యాంకు ఇవ్వదు. ఇక్కడినుంచి చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి.

రంగుల కంటే వాక్యాలు ముఖ్యం

లెవెల్ 2, 3 రిపోర్టుల్లో ఇంటిలోని ఒక్కో భాగానికి అంకె ఉంటుంది. 1 అంటే పచ్చ, ఏమీ చేయక్కర్లేదు. 2 పసుపు, బాగుచేయాలి కానీ తొందర లేదు. 3 ఎరుపు, తీవ్రమైనది లేదా వెంటనే చూడాల్సింది. 'ఎన్ఐ' అని ఉంటే అసలు చూడలేకపోయారు.

కరెంటుకీ గ్యాస్‌కీ ఎరుపు రావడం మామూలే. ఇటీవలి సర్టిఫికెట్ చేతిలో లేకపోతే చాలామంది సర్వేయర్లు 3 వేసేస్తారు, ఎందుకంటే వాళ్ళు వాటిని పరీక్ష చేయరు, కళ్ళతో చూస్తారంతే. అది ఇల్లు పాడైందన్న మాట కాదు, కాగితం లేదన్న మాట. మా వాడి నాలుగు ఎర్రల్లో రెండు ఇవే. ఎలక్ట్రీషియన్ చేత ఈఐసీఆర్ అనే వైరింగ్ పరీక్ష చేయిస్తే సీ1, సీ2, సీ3 అని కోడ్‌లతో రిపోర్టు వస్తుంది. సీ1 ఇప్పుడే ప్రమాదం, సీ2 ప్రమాదం కావచ్చు, సీ3 మెరుగుపరిస్తే మంచిది. మొదటి రెండిట్లో ఏదైనా ఉంటేనే బేరానికి పనికొస్తుంది. బాయిలర్‌కి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేయడానికి అర్హత ఉన్నవాళ్ళ జాబితా) ఉన్న ఇంజనీరును పంపండి.

నన్ను భయపెట్టేవి ఎర్రవి కాదు, ఎన్ఐలు. "లాఫ్ట్ నిండా పెట్టెలు ఉండటం వల్ల చూడలేదు", "కార్పెట్ ఎత్తలేదు", "వెనక కప్పు కనబడలేదు" అనే వాక్యాల దగ్గర ఆగండి. ఆ పెట్టెలు తీయించి మళ్ళీ చూడమని ఏజెంటు ద్వారా అడగొచ్చు. ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆలోచించండి.

రిపోర్టు చదివాక సర్వేయర్‌కి ఫోన్ చేయండి. ఫీజులో అది కూడా ఉంటుంది, మనవాళ్ళు మొహమాటపడి చేయరు. కాగితం మీద వాళ్ళు తమను కాపాడుకుంటూ రాస్తారు. ఫోన్‌లో మనుషుల్లా మాట్లాడతారు. "మీ అమ్మాయి ఈ ఇల్లు కొంటుంటే ఏది ముందు తేల్చుకోమంటారు?" అని అడగండి. ఎక్కువసార్లు పేజీల కొద్దీ భయం ఒకటి రెండు అసలు విషయాలకు దిగివస్తుంది.

చెమ్మ

ఇది ప్రతి పాత ఇంటి రిపోర్టులోనూ వస్తుంది, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది కూడా ఇక్కడే. సర్వేయర్ రెండు ముళ్ళున్న చిన్న మీటర్‌ని గోడకు గుచ్చుతాడు, అది కీచుమంటే "చెమ్మ కనబడింది, నిపుణుడికి చూపించండి" అని రాస్తాడు. ఆ మీటర్ చెక్క కోసం తయారైంది. ప్లాస్టర్‌లో లవణాలు ఉన్నా ఎక్కువే చూపిస్తుంది. అంకెను బట్టి చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తెలియదు.

మా వాడి ఇల్లు 1930ల నాటి సెమీ, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉన్నది. ముందుగది కిటికీ కింద గోడ నేలనుంచి మోకాలెత్తు వరకు తడి. "ఉచితంగా చూస్తాం" అన్న ఒక కంపెనీని ఏజెంటే పంపాడు. వాళ్ళు గోడలోకి రసాయనం ఎక్కించి, ప్లాస్టర్ కొట్టి మళ్ళీ పూయాలని వేల పౌండ్ల కొటేషన్ ఇచ్చారు. ఉచితంగా చూసేవాడు ఏదో ఒకటి అమ్మాలి కదా. నేను శనివారం వెళ్ళి బయటినుంచి చూశాను. పాతకాలపు గోడలో, నేలకు కాస్త పైన, ఇటుకల మధ్య పలక రాయి వరస ఒకటి ఉంటుంది. నీళ్ళు పైకి ఎక్కకుండా ఆపేది అదే, మన భాషలో డీపీసీ. బయటి నేల దానికి కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. ఇక్కడ అమ్మేవాళ్ళు గులాబీల కోసం మట్టి పోసి పోసి ఆ వరసను పూర్తిగా కప్పేశారు. నేల కింద గాలి ఆడటానికి గోడలో పెట్టే చిల్లుల ఇటుక కూడా సగం మట్టిలోనే ఉంది. ఆపైన గట్టర్ అతుకు దగ్గర కారి, గోడ మీద ఆకుపచ్చ చార. రసాయనం కాదు, పార కావాలి అన్నాను.

నా మాట మీదే కొనమనలేదు. ఏమీ అమ్మని, ఫీజు తీసుకుని చూసే డ్యాంప్ సర్వేయర్‌ని పెట్టుకోమన్నాను. ఆయనా అదే రాశాడు, ఇంకో మాట కలిపాడు: చిల్లుల ఇటుక మూసుకుపోయింది కాబట్టి నేల కింద చెక్క దూలాల చివర్లు పుచ్చాయేమో ఒక పలక ఎత్తి చూడాలి. అమ్మేవాళ్ళు ఎత్తనిచ్చారు. దూలాలు గట్టిగానే ఉన్నాయి. లేకపోతే బేరం వేరేగా ఉండేది.

చలికాలంలో మూలల్లో నల్లటి బూజు ఉంటే అది ఎక్కువగా ఇంట్లో పుట్టే ఆవిరే. మనలాంటి వంటలు, బట్టలు రేడియేటర్ల మీద ఆరేయడం, కిటికీలు బిగించడం. దాన్ని చూపించి ధర తగ్గించమంటే నవ్వుతారు.

బీటలు, చిమ్నీ, లాఫ్ట్

బీట కనబడగానే మనకు గుండె జారుతుంది. ఇక్కడ ఇంజనీర్లు వెడల్పుని బట్టి లెక్కేస్తారు. 5 మిల్లీమీటర్ల లోపు ఉన్నవి దాదాపుగా పైపై మరమ్మతులతో పోయేవే. అంతకు మించితే, లేదా మెట్లమెట్లుగా ఇటుకల మధ్య కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోతే, తలుపులు బిగుసుకుంటే చార్టర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేల ఎండాకాలం కుంచించుకుపోతుంది, పక్కన పెద్ద చెట్టు ఉంటే ఇంకా ఎక్కువ. రిపోర్టులో "పాతది, ఇప్పుడు కదలడం లేదు" అని ఉంటే మంచి మాట. "నిర్ధారించలేం" అని ఉంటే మాత్రం ఆ వాక్యం మీదే మీ ఇన్సూరెన్స్ ఆధారపడుతుంది. మా రెడింగ్‌లోనే 2000లో ఫీల్డ్ రోడ్డు దగ్గర పాత సుద్ద గనులు కుంగి నేల కూలింది. అందుకే ఈ ఊళ్ళో కొనేవాళ్ళు నేల స్థిరత్వం సెర్చ్ కూడా పెట్టమని సొలిసిటర్‌ని (కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌ని) అడగాలి.

గది పెద్దది చేయడానికి కింద చిమ్నీ భాగాన్ని కొట్టేసి, పైన కప్పు మీద చిమ్నీని అలాగే వదిలేస్తారు. అంత ఇటుక బరువు దేని మీద ఆగిందో లాఫ్ట్‌లో చూడాలి. బ్యాంకు వాల్యూయర్ సరిగ్గా దీన్నే గమనించకపోవడంతో, కొన్న కొన్నాళ్ళకే చిమ్నీ కూలి పడ్డ ఇంటి కేసు అప్పట్లో ఇక్కడి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. 1989లో కొన్నావిడే గెలిచింది. ఆ తీర్పు చూసుకుని ధైర్యపడకండి, కోర్టుకెక్కడం కంటే లెవెల్ 3 చవక.

చిమ్నీ తీసినా, గోడ కొట్టినా, లాఫ్ట్‌ని గది చేసినా కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌వాళ్ళ కంప్లీషన్ సర్టిఫికెట్ ఉండాలి. ప్లానింగ్ పర్మిషన్ వేరు, ఇది వేరు. సర్టిఫికెట్ లేని లాఫ్ట్ గదిని వాల్యూయర్ బెడ్‌రూమ్‌గా లెక్కపెట్టడు. నాలుగు బెడ్‌రూముల ధర చెప్పిన ఇల్లు ఆయన కాగితంలో మూడు బెడ్‌రూములే. సర్టిఫికెట్ లేకపోతే అమ్మేవాళ్ళు ఇండెమ్నిటీ పాలసీ కొనిస్తామంటారు. అది కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే నష్టానికే, దూలం వంగితే కాదు. దూలం సంగతి ఇంజనీర్‌నే అడగాలి. ఒక జాగ్రత్త: సొలిసిటర్‌ని అడక్కుండా మీరే కౌన్సిల్‌కు ఫోన్ చేసి ఆరా తీయకండి. అలా చేస్తే ఆ పాలసీ దొరకదు.

ఆస్‌బెస్టాస్ పేరు వినగానే పారిపోనక్కర్లేదు. ఈ దేశంలో 1999లో పూర్తిగా నిషేధించారు కాబట్టి అంతకు ముందు ఇళ్ళల్లో గ్యారేజీ కప్పులోనో, చుక్కల సీలింగ్‌లోనో ఉండొచ్చు. కదిలించనంతవరకు సమస్య తక్కువ, తీయించడానికి ఖర్చు ఉంటుంది, అంతే.

బేరం ఎలా ఆడాలి

"సర్వే బాగా రాలేదు, 20 వేలు తగ్గించండి" అంటే ఏజెంటు అమ్మేవాళ్ళకు చేరవేసే లోపే ఆ మాట చచ్చిపోతుంది. అతను అమ్మేవాళ్ళ మనిషి, కానీ అమ్మకం ఆగిపోతే అతనికీ కమిషన్ రాదు. అతనికి పనికొచ్చే కాగితాలు ఇవ్వండి. సర్వేలోని ఆ ఒక్క పేరా, దానికి రెండు కొటేషన్లు, మీరు కోరే అంకె, ఎప్పటికల్లా ముందుకు వెళ్తారో ఒక తేదీ. మొత్తం రిపోర్టు పంపకండి. ముందే ఇల్లు చూసినప్పుడు కళ్ళకు కనబడ్డ వాటికి (పాత కిచెన్, సింగిల్ గ్లేజింగ్) తగ్గించమనడం న్యాయం కాదు, అవి ధరలో ఉన్నవే. సర్వేలో కొత్తగా బయటపడ్డవే అడగండి.

ఇక్కడ ఒక లెక్క మనవాళ్ళు చూసుకోరు. ఇల్లు 4,00,000 పౌండ్లు, మీ డిపాజిట్ 15 శాతం, అంటే 60,000, లోన్ 3,40,000 అనుకుందాం. కప్పు మరమ్మతు అని 6,000 తగ్గించారు. ధర 3,94,000. బ్యాంకు 85 శాతమే ఇస్తుంది కాబట్టి లోన్ 3,34,900, మీ వంతు 59,100. అంటే మీ చేతిలో మిగిలింది 900 పౌండ్లు! మిగతా 5,100 లోన్‌లో తగ్గింది. కప్పు వేసేవాడికి ఇచ్చే 6,000 మాత్రం నగదుగా మీరే తేవాలి. కాబట్టి ధర తగ్గింపుతో సంతోషపడే ముందు మరమ్మతు డబ్బు ఎక్కడుందో చూసుకోండి. భద్రతకు సంబంధించిన చిన్న పనులైతే ఎక్స్‌ఛేంజ్‌కు ముందే వాళ్ళ చేతే చేయించి, బిల్లు, గ్యారంటీ కాగితం తీసుకోవచ్చు. పెద్ద పనులు మాత్రం అమ్మేవాళ్ళ చేతికి వదలకండి, చవకగా ఎవరు దొరికితే వాళ్ళతో కానిచ్చేస్తారు.

"కాంట్రాక్టులో పాత ధరే ఉంచి, విడిగా డబ్బు ఇచ్చేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సొలిసిటర్ మామూలుగా మన తరఫునా బ్యాంకు తరఫునా పనిచేస్తాడు. ఇలాంటివి బ్యాంకుకు చెప్పాల్సిందే. చెప్పకుండా చేస్తే అది మోసం కింద వస్తుంది.

బ్యాంకు తక్కువ విలువ వేస్తే

అదే ఇంటికి బ్యాంకు 3,85,000 అంది. ధర, విలువ, రెండింట్లో తక్కువదాని మీదే లోన్ ఇస్తుంది. 85 శాతం అంటే 3,27,250. మీ 60,000కి పైన ఇంకో 12,750 కావాలి.

ముందు అమ్మేవాళ్ళను అడగండి. బేరానికి ఇంతకన్నా బలమైన కాగితం లేదు, ఎందుకంటే తర్వాత వచ్చే కొనుగోలుదారుకీ ఇదే జరగొచ్చు. వాళ్ళు 8,000 తగ్గితే ధర 3,92,000, మీరు పైన వేసుకోవాల్సింది 4,750. చాలా డీల్స్ ఇలా మధ్యలో తెగుతాయి.

రెండోది, లోన్ శాతం పెంచడం. 3,40,000 అనేది 3,85,000లో సుమారు 88 శాతం, అంటే 90 శాతం స్లాబ్‌లో దొరుకుతుంది. వడ్డీ కాస్త ఎక్కువ. వడ్డీ మారకుండా ఉండే ఫిక్స్‌డ్ కాలం మొత్తానికి ఎంత ఎక్కువ కడతారో బ్రోకర్ చేత లెక్క వేయించి, 12,750తో పోల్చి చూడండి.

అప్పీలు కూడా చేయొచ్చు, గెలిచేది తక్కువ. చేస్తే సరిగ్గా చేయండి. పక్కింటి అడుగుతున్న ధర పనికిరాదు, అమ్ముడైన ధరే కావాలి. ల్యాండ్ రిజిస్ట్రీలో అమ్మకం ధరలు ఉచితంగా దొరుకుతాయి. ఇంటి వైశాల్యం చదరపు మీటర్లలో ఈపీసీ (ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్) రిజిస్టర్‌లో ఉంటుంది. ఈ రెండూ కలిపి అదే పేటలో, అదే రకం ఇళ్ళు, గత ఆరు నెలల్లో అమ్ముడైనవి మూడు తీసి చదరపు మీటర్ ధర పక్కన రాసిస్తే చూస్తారు. ఈస్ట్ ఫేసింగ్ అని మనం ఇంకో పది వేలు ఎక్కువ పాడి ఉంటే అది మాత్రం అడగకండి. వాల్యూయర్ పుస్తకంలో తూర్పుకీ పడమరకీ ఒకటే విలువ.

ఇంకో బ్యాంకుకి వెళ్ళే ముందు, ఆ బ్యాంకు కూడా అదే వాల్యుయేషన్ సంస్థను పంపుతుందేమో బ్రోకర్‌ని కనుక్కోమనండి. అదే సంస్థ అయితే అదే అంకె వచ్చే అవకాశం ఎక్కువ.

తక్కువపడ్డ డబ్బు ఇంటినుంచి తెప్పించాలంటే టైమ్ పడుతుంది. అమ్మానాన్నలు ఎల్ఆర్ఎస్ (ఇండియానుంచి విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా పట్టుకునే పన్ను) పట్టుకుంటుంది, అది తర్వాత రిటర్న్‌లో సర్దుకోవాలి, కానీ ఆ రోజుకు అంత ఎక్కువ చేతిలో ఉండాలి. ఇక్కడి సొలిసిటర్ గిఫ్ట్ లెటర్, వాళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు, డబ్బు స్థలం అమ్మగా వచ్చిందైతే ఆ దస్తావేజు కూడా అడుగుతాడు. గిఫ్ట్ లెటర్‌లో ఇది అప్పు కాదని, ఇంట్లో వాటా కోరమని ఉండాలి. వాల్యుయేషన్ తగ్గొచ్చని అనుమానం ఉంటే, అంటే పోటీ మీద ధర పెంచి పాడి ఉంటే, ఆఫర్ ఒప్పుకున్న వారమే ఇవి మొదలుపెట్టండి.

ఎక్స్‌ఛేంజ్‌కు ముందు

ధర మారితే సొలిసిటర్ బ్యాంకుకు చెప్పాడా, మార్ట్‌గేజ్ ఆఫర్ కొత్త అంకెతో మళ్ళీ వచ్చిందా చూసుకోండి. పాత ఆఫర్‌తో ఎక్స్‌ఛేంజ్‌కు సిద్ధమైపోయి చివరి రోజు ఆగినవాళ్ళను చూశాను.

బిల్డింగ్ ఇన్సూరెన్స్ ఎక్స్‌ఛేంజ్ రోజునుంచే ఉండాలి, తాళాలు ఇచ్చే రోజునుంచి కాదు. కంపేరిజన్ సైట్‌లో ఫారం నింపేటప్పుడు "ఇల్లు ఎప్పుడైనా కుంగిందా, బీటలు ఉన్నాయా" అని అడుగుతారు. ఇన్నాళ్ళూ తెలియదు అనేవాళ్ళం, ఇప్పుడు సర్వే చదివాం కాబట్టి తెలుసు. రిపోర్టులో ఏముందో అదే రాయండి. కొన్ని కంపెనీలు ప్రీమియం పెంచుతాయి, కొన్ని కుదరదంటాయి. అందుకే ఈ కొటేషన్ కూడా ఎక్స్‌ఛేంజ్ తేదీ ఒప్పుకునే ముందే తెచ్చుకోవాలి. ఒక్క కంపెనీ కూడా ముందుకు రాకపోతే ఇంకా మానుకునే వీలుంది.